టెక్ సందేహాలు: చేను కొలతలో తేడా, నావిక్ మీద ఖర్చు

ప్రశ్న: నా ఫోన్‌లో నావిక్ (స్థానాన్ని చూపే మన దేశ ఉపగ్రహ వ్యవస్థ) ఉందని డబ్బా మీద రాశారు. అయినా యాప్‌తో మా వేరుశనగ చేను కొలిస్తే ప్రతిసారీ వేరే విస్తీర్ణం వస్తోంది. అమెరికా జీపీఎస్ ఉచితంగా దొరుకుతుంటే మన ప్రభుత్వం నావిక్ మీద ఖర్చు పెట్టడం దేనికి?
- ఒక పాఠకుడు, శింగనమల, అనంతపురం జిల్లా

జవాబు: ఈ తేడా మీ ఫోన్ లోపం కాదు. ఆరుబయట కూడా స్మార్ట్‌ఫోన్ చూపే స్థానం 5 మీటర్ల దాకా అటూ ఇటూ అవుతుంది. ఎకరం చేను చదరంగా ఉంటే ఒక్కో గట్టు దాదాపు 64 మీటర్లు. అందులో ఒక్క గట్టు 5 మీటర్లు జరిగినట్టు నమోదైనా విస్తీర్ణం సుమారు 8 సెంట్లు మారిపోతుంది. విత్తనం, ఎరువుల లెక్కకు ఆ కొలత సరిపోతుంది గానీ గట్టు తగాదాకు సర్వేయరు రోవర్ అనే ఉపగ్రహ కొలత పరికరంతో కొలవాల్సిందే. స్థిరంగా అమర్చిన సర్వే కేంద్రాలు ఉపగ్రహ సంకేతాల్లోని దోషాన్ని ఎప్పటికప్పుడు లెక్కగట్టి పంపుతాయి కనుక రోవర్‌లో తేడా కొన్ని సెంటీమీటర్లకు తగ్గుతుంది.

ఇక ఖర్చు సంగతి. జీపీఎస్ ఉచితమే అయినా పగ్గాలు అమెరికా ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. 2000 మే వరకు పౌరులకు అందే సంకేతాన్ని ఆ ప్రభుత్వం కావాలనే కచ్చితత్వం తగ్గించి పంపేది. మొదటి ఉపగ్రహం 1978లో ఎగిరితే వ్యవస్థ పూర్తిగా అందుబాటులోకి వచ్చింది 1995లో. అన్నేళ్లు రాబడి లేకుండా ప్రైవేటు సంస్థలు పెట్టుబడి పెట్టవు కాబట్టే ఇలాంటి పనికి ప్రభుత్వం పూనుకోవాలి.

అయితే ఉపగ్రహాలు పంపితే చాలదు. నావిక్ ఉపగ్రహాలు 2013 నుంచి శ్రీహరికోట నుంచి వెళ్తున్నా, వాటి సంకేతాలు ఎల్5, ఎస్ అనే రేడియో బ్యాండ్‌లకే పరిమితం కావడంతో ఎల్1 బ్యాండ్ ఒక్కటే అందుకునే మామూలు ఫోన్లకు అవి దక్కలేదు. నావిక్‌తో పనిచేసే క్వాల్‌కామ్ మొబైల్ చిప్‌లు 2020లో వచ్చాయి; ఎల్1 సంకేతంతో, సంకేతానికి కచ్చితమైన సమయమిచ్చే స్వదేశీ అణు గడియారంతో కొత్త తరం నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01 వెళ్లింది 2023 మేలో. ఈలోగా పాత ఉపగ్రహాల్లోని దిగుమతి గడియారాలు కొన్ని మొరాయించాయి, 2025 జనవరిలో పంపిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేదు. అందుకే మీ ఫోన్ ఇంకా ప్రధానంగా జీపీఎస్ మీదే ఆధారపడుతోంది. చిప్ తయారీదారుల అవసరాన్ని మొదటి రోజునే లెక్కలోకి తీసుకుని ఉంటే ఇంత కాలయాపన జరిగేది కాదన్నది నా అభిప్రాయం.

సర్వే కేంద్రాల దిద్దుబాటు సమాచారం విషయంలోనైనా ఆ జాప్యం జరగకూడదు. దాన్ని అనంతపురం, కర్నూలు, కడప ఇంజినీరింగ్ విద్యార్థులకు నామమాత్రపు రుసుముతో అందిస్తే, ట్రాక్టరును సాలు తప్పకుండా నడిపించే చౌక పరికరాన్ని వాళ్లే ఇక్కడ తయారుచేయగలరు.