బాబుకు వాంతులు: ఇంట్లో ఎంతవరకు చూడవచ్చు, ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకు ఏడాదిన్నర. నిన్న రాత్రి నుంచి ఐదుసార్లు వాంతి చేసుకున్నాడు, రెండుసార్లు పలచగా విరేచనమైంది. జ్వరం లేదు. ఇంట్లోనే చూసుకోవచ్చా?
– ఒక తల్లి, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది వైరస్ వల్ల వచ్చిన జీర్ణకోశ ఇన్ఫెక్షన్ అయ్యే అవకాశమే ఎక్కువమ్మా. ఇందులో వాంతులు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుముఖం పడతాయి, విరేచనాలు మరికొన్ని రోజులు ఉండవచ్చు. అయితే వాంతులు ఎన్నయ్యాయన్నదాని కన్నా, బాబు చివరిసారి మూత్రం ఎప్పుడు పోశాడన్నది నేను ముందుగా అడుగుతాను. పలచటి విరేచనంతో డైపర్ తడిస్తే దాన్ని మూత్రమనుకుని ధీమాగా ఉండేవారు చాలామంది. అనుమానంగా ఉంటే డైపర్ తీసి, కొన్ని గంటలు పాత నూలు గుడ్డ కట్టి చూడండి. ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, ఏడ్చినప్పుడు కన్నీళ్లు లేకపోయినా, నోరు ఎండిపోయి కళ్లు లోతుకు పోయినట్టున్నా, బొడ్డు పక్కన చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే ముడత వెంటనే సర్దుకోకపోయినా, ఒంట్లో నీరు తగ్గిందని గ్రహించి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అంతవరకు రానివ్వకుండా కాపాడేది ఓఆర్‌ఎస్. లీటరు నీటికని రాసి ఉన్న పెద్ద ప్యాకెట్‌ను కాచి చల్లార్చిన లీటరు నీటిలో మొత్తం ఒకేసారి కలపాలి, 24 గంటల తర్వాత మిగిలినది పారబోయాలి. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, ఒకటి రెండు నిమిషాలకు ఒక చిన్న చెంచా చొప్పున పట్టండి. దాహంగా ఉన్నాడు కదా అని గ్లాసు నోటికి అందిస్తే గటగటా తాగి అంతా కక్కేస్తాడు. తల్లిపాలు తాగుతుంటే ఆపకండి. పండ్ల రుచితో అమ్మే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్‌కు బదులు కావు; ప్రమాణాలకు సరిపోని పానీయాలపై ఆ పేరు వాడరాదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించాల్సి వచ్చింది.

కొన్ని లక్షణాలుంటే మాత్రం ఓఆర్‌ఎస్ పడుతూ ఇంట్లో వేచి చూడకూడదు. వాంతి ఆకుపచ్చగా ఉంటే, బాబు ఆడుకుంటున్నా సరే, పేగుకు అడ్డంకి ఏర్పడిందేమోనని అనుమానించాలి. ఉండుండి కాళ్లు పొట్టలోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడవడం, మధ్యమధ్యలో వాడిపోయినట్టు పడి ఉండడం, విరేచనంలో ఎర్రటి జిగురు పడడం కనిపిస్తే పేగులో పేగు చొచ్చుకుపోయి ఉండవచ్చు. రెండేళ్లలోపు పిల్లల్లో ఇది ఎక్కువ, గంటల్లో చికిత్స అందాలి. వాంతిలో రక్తం పడినా, మెడ బిగుసుకున్నా, పిలిచినా పలకనంత మగతగా ఉన్నా, తలకు దెబ్బ తగిలాక వాంతులు మొదలైనా, బటన్ బ్యాటరీ లాంటిది మింగాడన్న అనుమానమున్నా రాత్రి అని చూడకుండా 108కు ఫోన్ చేయండి, లేదా నిలోఫర్ లాంటి పిల్లల ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. (మూడు నెలలలోపు పసికందులకైతే వాంతులు ఆగకుండా అవుతుంటే చాలు, చూపించాల్సిందే.)

పోయినసారి మిగిలిన వాంతుల సిరప్‌ను సొంతంగా పట్టకండి. ఆసుపత్రికి బయల్దేరితే వాంతి, విరేచనం, మూత్రం అయిన వేళలు ఒక కాగితంపై రాసుకోండి, వాంతి రంగు తేడాగా ఉంటే ఫోన్‌లో ఫోటో తీసి డాక్టరుకు చూపించండి.