కదలని పడవకి కాగితం ఎందుకు?

ప్రశ్న: నేను, నా మిత్రుడు కలిసి 28 అడుగుల పాత తెరచాప పడవ కొన్నాం. మెరీనాలో (పడవలు కట్టేసే రేవు) బెర్త్, అంటే పడవ నిలిపే చోటు, దొరికింది గానీ, ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ చూపించందే తాడు కట్టనివ్వమంటున్నారు. పాలసీలో మెరీనా పేరు కూడా ఉండాలట! బీమా కంపెనీ ఏమో ముందు పడవ ఎలా ఉందో నిపుణుడితో పరీక్ష చేయించి, ఆ సర్వే రిపోర్టు తెమ్మంటోంది. ఈ సీజనంతా పడవ ఎక్కడికీ కదలదు, మరమ్మతులే. కదలని పడవకి ఇన్సూరెన్స్ ఏమిటండీ? అందరూ కలిసి డబ్బు గుంజుతున్నట్టుంది. చవకలో తేలే దారి ఉంటే చెప్పండి.

జవాబు: చవక దారి ఉంది, చెప్తాను. ముందు ఆ ‘కదలని పడవ’ సంగతి. పద్దెనిమిదేళ్లు పడవల సర్వేలు చేసినదాన్ని. నేను చూసిన మునిగిన పడవల్లో ఎక్కువ భాగం కట్టేసిన చోటే మునిగాయి.

ఒకటి బాగా గుర్తుంది. ఇంజన్ని చల్లబరచడానికి బయటి నీళ్లు లోపలికి తెచ్చే రబ్బరు గొట్టం ఉంటుంది. దాన్ని బిగించిన క్లిప్పు తుప్పు పట్టి ఒక రాత్రి పుటుక్కున తెగింది. పడవ దిగేటప్పుడు ఆ గొట్టంలోకి నీళ్లు రాకుండా ఆపే వాల్వు మూసి ఉంటే ఏమీ అయ్యేది కాదు, ఓనరు మూయలేదు. నీటిమట్టానికి ఒక అడుగు లోతున అంగుళం వెడల్పు రంధ్రం ఉంటే చాలు, నిమిషానికి 70 లీటర్ల దాకా నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపు పనిచేసినంతసేపు చేసింది, బ్యాటరీ అయిపోయాక ఆగిపోయింది. తెల్లారి నేను వెళ్లేసరికి దాని తెరచాప స్తంభం పక్క పడవ రెయిలింగ్ మీద వాలి ఉంది. తాడు లాగుడికి జెట్టీ మీది ఇనుప కొక్కెం చెక్కతో సహా ఊడొచ్చింది. చుట్టూ నీళ్ల మీద డీజిల్, రంగురంగుల తెట్టులా. ఆ పడవ ఆర్నెల్లుగా కదల్లేదు. కదిలి ఉంటే ఎవరో ఒకరు ఆ క్లిప్పు చూసేవాళ్లే.

ఆ రోజు వచ్చిన బిల్లులు గుర్తుపెట్టుకోండి, మీ పాలసీ చదవడానికి అవే పనికొస్తాయి. పక్క పడవ మరమ్మతు, జెట్టీ మరమ్మతు, డీజిల్ శుభ్రం చేయించడం, మునిగినదాన్ని పైకి తీసి అవతలికి చేర్చడం. ఈ చివరిదే గుండె గుభేలుమనిపించేది. తేలుతున్న పడవని క్రేనుతో ఎత్తడం చిన్న పని. మునిగినదాన్ని డైవర్లు దిగి, గాలి సంచులు కట్టి లేపాలి. పాత పడవైతే దాని ఖరీదు కన్నా ఈ ఖర్చే ఎక్కువ కావచ్చు. ఓడలకైతే శిథిలాల తొలగింపు ఖర్చుకి బీమా ఉండి తీరాలని 2007 నాటి నైరోబీ అంతర్జాతీయ ఒప్పందం చెప్తుంది, కానీ అది 300 టన్నులు, ఆ పైన ఉన్నవాటికి. మీ 28 అడుగుల పడవ ఆ లెక్కలోకి రాదు. ఓనరు చేతులెత్తేస్తే ఆ శిథిలం మెరీనా నెత్తినే. అందుకే చాలాచోట్ల చట్టం అడగని కాగితాన్ని కూడా మెరీనా అడుగుతుంది.

ఇక చవక దారి. సాధారణంగా మెరీనా అడిగేది థర్డ్ పార్టీ కవర్. అంటే మీ పడవ వల్ల ఇతరులకి జరిగే నష్టం. మీ పడవకే దెబ్బ తగిలితే ఇచ్చే కవర్ వేరు. పడవ పోయినా తట్టుకోగలం అనుకుంటే దాన్ని వదిలేసి, థర్డ్ పార్టీ ఒక్కటే తీసుకోవచ్చు. కాకపోతే శిథిలాల తొలగింపు, చమురు కాలుష్యం అనే రెండూ అందులో ఉన్నాయో లేదో, ఉంటే ఎంతవరకో చూడండి. కొన్ని పాలసీలు వీటికి విడిగా చిన్న పరిమితి పెట్టి ఊరుకుంటాయి. ఈ సీజన్ మరమ్మతులే అంటున్నారు కాబట్టి ‘లే-అప్’ కవర్ (పడవని వాడకుండా ఉంచే కాలానికి ఇచ్చే బీమా) గురించి అడగండి, ప్రీమియం తగ్గుతుంది. కానీ అది ఉన్నన్నాళ్లూ సరదాగా ఒక్క సాయంత్రం కూడా పడవ బయటికి తీయకూడదు.

సర్వే మీద చిరాకు పడకండి. పాత పడవని నీళ్లలోంచి బయటికి తీసి అడుగు భాగం చూడందే కంపెనీలు ముందుకి రావు. మరమ్మతులకి మీరు ఎలాగూ ఎత్తిస్తారు కదా, సర్వేయర్ని ఆ రోజే రమ్మనండి. క్రేను ఖర్చు ఒక్కసారితో పోతుంది. రిపోర్టులో ‘వెంటనే చేయాలి’ అని రాసినవి చేయించి, బిల్లులు దాచండి. చేయించకపోతే ఆ రిపోర్టే రేపు మీమీద సాక్ష్యం. ఇందాక చెప్పిన పడవ సంగతే చూడండి. పక్కవాళ్ల నష్టం కంపెనీ కట్టింది. సొంత పడవ క్లెయిమ్ దగ్గరికొచ్చేసరికి, తుప్పు ఒక్క రాత్రిలో పట్టదు, ఇది నిర్వహణ లోపం అని కొట్టేసింది. చదివితే పాలసీలో ఆ మాట ఉంది.

మెరీనా పేరు చేర్చడం భయపడాల్సిన సంగతి కాదు. మీ పడవ వల్ల ఎవరికో దెబ్బ తగిలి, వాళ్లు మెరీనా మీద కూడా కేసు వేస్తే మీ పాలసీ మెరీనాకీ అండగా ఉంటుంది, అంతే. నన్నడిగితే అంతకన్నా జాగ్రత్తగా చదవాల్సింది బెర్త్ ఒప్పందం. ‘మా సిబ్బంది పొరపాటు వల్ల జరిగినా మాకు బాధ్యత లేదు’ అనే ముక్క ఎక్కడో ఓ మూల ఉంటుంది. దానికి మీరు సంతకం పెట్టేస్తే, రేపు తప్పు మెరీనాదే అయినా వాళ్ల దగ్గర వసూలు చేసుకునే దారి బీమా కంపెనీకి పోతుంది, ఆ పేచీ మీ క్లెయిమ్ మీద పడుతుంది. సంతకానికి ముందే ఆ పేజీ కంపెనీకి పంపి, ఒప్పుకుంటున్నామని రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఓనర్లు ఇద్దరు కాబట్టి పాలసీలో ఇద్దరి పేర్లూ ఉండాలి. మరమ్మతుల్లో వెల్డింగ్ ఉంటే కంపెనీకి ముందే చెప్పండి. రాత్రుళ్లు పడవలోనే పడుకునే ఆలోచన ఉంటే అదీ చెప్పండి. ఏదీ దాచకూడదన్నది సముద్ర బీమాలో పాత సూత్రం, బ్రిటన్ 1906 చట్టంలోనే రాసుకున్నారు. చెప్పినట్టు చేయడమూ అంతే ముఖ్యం. 2019లో అమెరికాలోని ఫ్లోరిడా దగ్గర ఒక యాట్ (విహార పడవ) నీటి అడుగున నేలకి తగిలి దెబ్బతింది. మంటల ఊసే లేదు. అయినా మంటలార్పే పరికరాలకి సకాలంలో తనిఖీ చేయించలేదని కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. ఏ రాష్ట్రం చట్టం ప్రకారం తేల్చాలన్న పేచీతో కేసు అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పాలసీలో ఏ రాష్ట్రం చట్టం అని రాసుకున్నారో సాధారణంగా అదే వర్తిస్తుందని 2024లో తీర్పొచ్చింది. ఓనరు కోరుకున్న చట్టం అది కాదు.

ప్రశ్న: నా మోటారు బోటుకి పాలసీ ఉంది, మెరీనాకి సర్టిఫికెట్ కూడా ఇచ్చాను. వారాంతాల్లో తెలిసినవాళ్లకి డబ్బు తీసుకుని ఇస్తుంటాను. ఇది మెరీనాకి చెప్పాలా?

జవాబు: మెరీనా కన్నా ముందు బీమా కంపెనీకి చెప్పాలి. సొంత వాడకానికని తీసుకున్న పాలసీల్లో అద్దె మామూలుగా ఉండదు. అద్దెకి వెళ్లిన రోజు ప్రమాదం జరిగితే మీ దగ్గర పాలసీ లేనట్టే లెక్క. ఆ సంగతి తెలియక మెరీనా మీ సర్టిఫికెట్‌ని ఫైల్లో పెట్టుకుని కూర్చుంది. బెర్త్ ఒప్పందం కూడా చూడండి, వ్యాపార వాడకాన్ని నిషేధించేవి చాలా ఉంటాయి. స్నేహితులతో వెళ్లి ఇంధనం ఖర్చు పంచుకోవడం వేరు, కానీ అదైనా ఫోన్లో కాకుండా మెయిల్లో అడిగి జవాబు ఉంచుకోండి. అప్పటిదాకా వచ్చే వారాంతానికి ఎవరికైనా మాటిచ్చి ఉంటే రద్దు చేసుకోండి.