పాత అమెరికన్ మజిల్ కార్లపై మోజు ఎందుకు తగ్గలేదు?

మధ్యస్థాయి కారులో పెద్ద, శక్తిమంతమైన ఇంజిన్ పెట్టి అమ్మినవే మజిల్ కార్లు. అర్ధశతాబ్దం దాటినా వీటికి గిరాకీ నిలవడానికి మూలకారణం, నా దృష్టిలో, అవి వేగాన్ని సామాన్యుడికి అందుబాటులోకి తేవడమే. మధ్యస్థాయి కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టరాదన్న జనరల్ మోటార్స్ నియమాన్ని తప్పించుకోవడానికి, 1964లో పాంటియాక్ విభాగం 389 ఘనపు అంగుళాల, అంటే సుమారు 6.4 లీటర్ల వీ8 ఇంజిన్‌ను (V ఆకారంలో అమర్చిన ఎనిమిది సిలిండర్లున్నది) టెంపెస్ట్ కారుకు అదనపు హంగుగా చూపి, జీటీఓ పేరుతో అమ్మింది. 1968 నాటి మరో మజిల్ కారు, ప్లిమత్ రోడ్ రన్నర్ మూల ధర 3,000 డాలర్ల లోపే.

ఇక ఆ శబ్దం సంగతి. ఈ వీ8లలో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) వంపులు 90 డిగ్రీల ఎడంలో ఉంటాయి కాబట్టి, ఒక్కో వైపునున్న నాలుగు సిలిండర్లలో ఇంధనం సమాన వ్యవధుల్లో మండదు. ఆ తడబాటే సైలెన్సర్ గుండా గుడగుడమనే బొంగురు ధ్వనిగా వినిపిస్తుంది. బానెట్ ఎత్తితే ఇంధనాన్ని గాలితో కలిపే కార్బురేటర్, సిలిండర్లకు వరుసగా విద్యుత్తును పంచే డిస్ట్రిబ్యూటర్ ఎదురుగా కనిపిస్తాయి. మామూలు పనిముట్లతో ఇంటి షెడ్డులోనే విప్పి బిగించుకోవచ్చు. బ్రేకులు, మలుపుల్లో పట్టు మాత్రం చాలావాటిలో అంతంతమాత్రమే, అభిమానులు ఆ మాట ఎత్తరు.

పెరిగిన బీమా ప్రీమియంలు, 1970 నాటి కాలుష్య నియంత్రణ చట్టం, 1973 చమురు సంక్షోభం కలిసి ఆ శకాన్ని దాదాపు పదేళ్లకే ముగించాయి. మేలురకం కార్లు అరుదైపోవడంతో ధరలు పెరిగాయి, నకళ్లూ పుట్టుకొచ్చాయి. అందుకే కొనేవారు ఇంజిన్‌పై ముద్రించిన అంకెలు ఆ కారువేనా అని ముందుగా సరిచూసుకుంటారు.