పరాసుపేటలో పరశురాముడు లేడు

సందేహం: మచిలీపట్నం పాతబస్తీలో పరాసుపేట ఉంది. పరాసులంటే పారశీకులేనా? ఈ మధ్య ఒక శుభలేఖలో 'పరశుపేట' అని అచ్చు వేశారు. ఏది ఒప్పు? వలందపాలెంలోని 'వలంద' ఏమిటి?

సమాధానం: 'పరాసుపేట' అన్నదే ఒప్పు. పరాసులంటే ఫ్రెంచివారు. పారశీకులనుకోవడానికి కారణం లేకపోలేదు. మచిలీపట్నానికి మరో పేరైన 'బందరు' రేవు అనే అర్థంలో ఫారసీ మాటే. గోల్కొండ నవాబుల కాలంలో ఇక్కడి నుంచి పారశీక దేశానికి ఓడలు నడిచాయి. కానీ ఈ పేట పేరుకు మూలం 1669లో ఇక్కడ వర్తకశాల పెట్టుకున్న ఫ్రెంచివారు. 1750లో పట్టణం మొత్తం వారి చేతికి వచ్చింది. 1759లో కర్నల్ ఫోర్డు నడిపిన ఇంగ్లీషు సేన కోటను పట్టుకోవడంతో ఆ పెత్తనం పోయింది. అయినా ఊళ్లో చిన్న ముక్క మీద వారి హక్కు 1947 దాకా మిగిలే ఉంది.

ఫ్రెంచివారిని ఫారసీ, ఉర్దూల్లో 'ఫరాసీసు' అనేవారు. ఫకీరు పకీరైనట్టే ఇక్కడా ఫకారం పకారమైంది. చివర కురచై 'పరాసు' మిగిలింది. 'ఫ్రెంచి' అన్న రూపం ఇంగ్లీషు ద్వారా తర్వాత వచ్చింది.

వలందులు హాలండు వారు, అంటే నేడు మనం డచ్చివారంటున్నవారు. ఇంగ్లీషువారికన్నా ఆరేళ్ల ముందే, 1605లో, బందరులో స్థిరపడ్డారు. వారి సమాధులు ఇప్పటికీ ఊళ్లో ఉన్నాయి. ఇంగ్లీషుపాలెం అర్థం చెప్పనక్కర లేదు.

'పరశుపేట' అని దిద్దడం నాకు బాధ కలిగిస్తుంది. సంస్కృతంలా వినిపిస్తే శుద్ధమనుకుని చేసే దిద్దుబాటు ఇది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచింది; సుమారు 30,000 మంది చనిపోయారు. అంతటి విధ్వంసం తర్వాత కూడా ఎవరెవరు ఎక్కడ కాపురమున్నారో ఈ పేర్లు చెబుతున్నాయి. ఒక్క అక్షరం మారిస్తే ఆ ఆధారం చెరిగిపోతుంది.

వ్యాసం రాసేటప్పుడు 'ఫ్రెంచివారు', 'డచ్చివారు' అనవచ్చు. పేటల పేర్లను మాత్రం స్థానికులు పలికినట్టే పరాసుపేట, వలందపాలెం అని రాయండి. 'ఫ్రెంచిపేట' అనీ మార్చవద్దు.