నానో పేరు చూసి సీటు కొనకండి

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఎంపీసీ చివరి ఏడాది. ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఆపై పీహెచ్‌డీ చేసి, అయస్కాంత క్షేత్రంలో ఉంచిన లోహపు నానో కణాల మీద కాంతి పడితే ఏమవుతుందో పరిశోధిస్తానంటోంది. దానికంటే నానోటెక్నాలజీ పీజీలో చేర్చితే ఉద్యోగం త్వరగా వస్తుందని బంధువులంటున్నారు. ఏది మేలు? - ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో బంధువుల మాట ఉంది. అమ్మాయికి ల్యాబ్‌లో కూర్చునే ఓపిక ఉందో లేదో మాత్రం లేదు. ముందు అది కనుక్కోవాల్సింది మీరే.

మీ బెంగ డబ్బు, వయసు గురించి. జాతీయ పరీక్ష రాసి తెచ్చుకునే జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, హెచ్ఆర్ఏ అదనం. అంటే ఆ ఫెలోషిప్ వచ్చినన్నాళ్లూ ఆమె మీ మీద ఆధారపడదు.

నానోటెక్నాలజీ పీజీ మీద నాకు అనుమానాలున్నాయి. కాస్త కెమిస్ట్రీ, కాస్త ఎలక్ట్రానిక్స్, కాస్త బయాలజీ కలిపి వడ్డించే చోట ఏదీ లోతుగా రాదు. ఫీజు కట్టేముందు ఒక్కటి అడగండి: ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌ను విద్యార్థులే నడుపుతారా, శాంపిల్ బయటికి పంపి ఫొటో తెప్పించుకుంటారా? రెండోదైతే వదిలేయండి.

ఇక అమ్మాయి కోరుకున్న పని. నీళ్లలోని 20 నానోమీటర్ల బంగారు కణాలు 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటాయి, అందుకే ద్రావణం ఎర్రగా కనిపిస్తుంది. 1 టెస్లా (అయస్కాంత క్షేత్రం కొలత) క్షేత్రంలో ఎలక్ట్రాన్లు గిరగిర తిరిగే వేగం ఆ కాంతి పౌనఃపున్యంలో దాదాపు 20,000వ వంతే. కాబట్టి క్షేత్రం వల్ల కాంతిలో వచ్చే మార్పు, అంటే మనం కొలవాల్సిన సిగ్నల్, చాలా చిన్నది. కాంతి ధ్రువణాన్ని (కాంతి తరంగం ఊగే దిశను) మాడ్యులేటర్ అనే పరికరంతో సెకనుకు 50,000 సార్లు మార్చి, ఆ లయలో వచ్చే సిగ్నల్‌నే ఏరి పట్టే లాక్-ఇన్ యాంప్లిఫయర్‌తో పట్టాలి. క్షేత్రం దిశ తిప్పి రెండుసార్లు కొలిచి, తేడాలో సగం తీసుకుంటే క్యువెట్ (ద్రావణం పోసే చిన్న పాత్ర) గాజులోని ఒత్తిడి వల్ల వచ్చే తప్పు పోతుంది. నీళ్ల తప్పు మాత్రం అలా పోదు. 1 సెంటీమీటరు మందం నీళ్లే 1 టెస్లాలో కాంతి ధ్రువణాన్ని రెండు మూడు డిగ్రీలు తిప్పుతాయి. ఉత్త నీళ్లతో విడిగా కొలిచి తీసేయకపోతే, నీళ్ల పనిని బంగారం ఖాతాలో రాసుకున్నట్టే. ఉప్పు తగిలిందా, కణాలు ముద్దకట్టి రంగు నీలంలోకి తిరుగుతుంది, శాంపిల్ పారబోయడమే. కోబాల్ట్, నికెల్ సిగ్నల్ పెద్దది ఇస్తాయి గానీ కాంతిని మింగేస్తాయి. అందుకే కోబాల్ట్‌ను బంగారు పొరల మధ్య పెడతారు.

ఈ చాకిరీ వృథా కాదు. ధ్రువణం కొలవడం వచ్చినవాళ్లకు చిప్ తయారీలో పొరల మందం కొలిచే పని కూడా అర్థమవుతుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ పక్కనే నేర్చుకోమనండి.

గైడ్‌ను ఎంచుకునేముందు ఆమెనే ల్యాబ్‌కు పంపండి. విద్యుదయస్కాంతం, మాడ్యులేటర్ అక్కడ నడుస్తున్నాయా, అట్టపెట్టెలోనే ఉన్నాయా అని సీనియర్లను అడిగి రమ్మనండి. మీరు వెంట వెళ్లకండి.