తూనీగ కన్నూ, నా పాత తప్పూ

బుజ్జీ,

కీటకాల మీద చదువుకోడానికి జర్మనీ వెళ్లే పిల్లలకి నువ్వు జర్మన్ చెప్పబోతున్నావనీ, మొదటి రోజే ఫసెట్టెన్‌ఔగె, అంటే బోలెడు చిన్న చిన్న ముఖాలు కలిసిన కీటకాల కన్ను, అనే ఒక్క మాట పట్టుకుని విప్పుతావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఛాతీ ఉప్పొంగింది, ఆ వెంటనే గుండెల్లో రాయి పడింది, ఎందుకంటే సరిగ్గా ఆ మాట దగ్గరే నేను బోల్తా పడ్డాను.

సులువైనవి ముందు. ఔగె అంటే కన్ను. ఫసెట్టె ఫ్రెంచి నుంచి వచ్చింది, ‘చిన్న ముఖం’ అని, రత్నాలు సానబట్టేవాళ్ల మాట. 1891లో ఎక్స్‌నర్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త తన పుస్తకం పేరులోనే ఇలాంటి కళ్లని ‘ఫసెట్టిర్టెన్ ఔగెన్’, అంటే ముఖాలు చెక్కిన కళ్లు, అన్నాడు. సమాసంలో పెత్తనం చివరి ముక్కది, కాబట్టి ఫసెట్టె స్త్రీలింగమైనా మొత్తం మాట నపుంసకలింగం. పావుగంటలో అయిపోతుంది.

ఇక నా సంగతి. సాయంత్రం క్లాసులు చెప్పే రోజుల్లో బోర్డు మీద ఈ మాట రాసి, మధ్యలో ‘న్’ కింద రెండు గీతలు గీసి, తూనీగ కంటికి దాదాపు 30 వేల దాకా ముఖాలుంటాయి కదా, అందుకే ఇది బహువచనం అని దర్జాగా చెప్పాను. ఎవరూ ఎదురు చెప్పకపోయేసరికి ధైర్యం వచ్చి, మాటల మధ్య ‘న్’ వస్తే బహువచనమే అని సూత్రం కూడా రాయించా. మర్నాడు వెనక బెంచీ అమ్మాయి లేచి, “మరి జొన్నెన్‌షైన్‌లో ఎంతమంది సూర్యులు సార్?” అంది. ఎండ అని ఆ మాటకి అర్థం. జొన్నె అంటే సూర్యుడు, ఒక్కడే! క్లాసంతా నవ్వింది. ద్వాదశాదిత్యులని ఏదో జోకేశాను గానీ చాక్‌పీసు చేతిలోనే పుటుక్కుమంది. అది రెండు మాటల్ని అతికే ‘న్’, జొన్నెన్‌లో అయితే పాత షష్ఠీ విభక్తి మిగులు. తూనీగ కంట్లో ముఖాలు నిజంగానే బోలెడు కాబట్టి బహువచనంలా కనబడి నన్ను ముంచింది. నువ్వే కరెక్టమ్మా అని చెప్పడానికి నాకు వారం పట్టింది. అప్పటికి ఆ పిల్ల క్లాసు మానేసింది.

అందుకే చెప్తున్నా, తెలివితక్కువదానా, ఊహని సూత్రంగా రాయించకు. సంస్కృతం అక్షి, ఈ ఔగె ఒకే వేరు అంటారు. కానీ ‘ఔ’ సరిగ్గా పొసగదు, చెవి అనే మాట ప్రభావం పడిందంటారు. ఆ ‘అంటారు’ని మాత్రం మింగెయ్యకు.

పంచముఖి రుద్రాక్ష చూపించు, ముఖమూ అక్షీ రెండూ అందులోనే ఉన్నాయి. తాతయ్యది అమ్మమ్మ పెట్టెలో ఉంది, పట్టుకెళ్లు. దారం పాతది, లాగకు.

మామయ్య