తోక దగ్గర ఆగి రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంజనీరు ఇగోర్ సికోర్‌స్కీ కట్టిన హెలికాప్టర్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం చక్కగా నడుస్తోంది, విషయం మీద ప్రేమ కూడా కనబడుతోంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

1939 సెప్టెంబర్ 14న అమెరికాలోని స్ట్రాట్‌ఫర్డ్‌లో ఆయన వీఎస్-300 హెలికాప్టర్ నేల విడిచిందని రాశావు. తర్వాతి పేరాకల్లా సైన్యానికి హెలికాప్టర్లు తయారైపోతున్నాయి. నడుమ గడిచిన రెండేళ్ల పైచిలుకు కాలం ‘ఎన్నో ప్రయత్నాల తర్వాత’ అన్న మూడు మాటల్లో దాటిపోయింది. నువ్వు రాయాల్సిన కథంతా ఆ మూడు మాటల కిందే ఉందమ్మా. దాన్ని బయటికి తియ్యి.

ముందు ఆ యంత్రాన్ని మాకు చూపించు. పైన కప్పులేని ఇనప గొట్టాల చట్రం, 75 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజను, 28 అడుగుల మేర తిరిగే మూడు రెక్కల రోటర్, నెత్తిన టోపీతో పైలట్ సీట్లో స్వయంగా సికోర్‌స్కీ. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు. యంత్రం చేయి దాటిపోకుండా కింద తాళ్లతో బరువులు కట్టారు. మొదట్లో గాల్లో నిలిచింది కొన్ని సెకన్లే, అదీ విపరీతంగా వణుకుతూ. ఇంత కళ్లకు కట్టాక ‘చారిత్రాత్మక ఘట్టం’ అని విడిగా చెప్పక్కర్లేదు, తీసెయ్యి.

తర్వాత, తోక మీద చిన్న రోటర్ ఎందుకో చెప్పాలి. నువ్వు ‘సమతుల్యత కోసం’ అని సరిపెట్టావు. పాఠకుడికి అది చాలదు. ఆఫీసులో తిరుగుడు కుర్చీలో కాళ్లు నేలకి ఆనించకుండా కూర్చుని బల్లని ఒక పక్కకి తోస్తే, కుర్చీ రెండో పక్కకి తిరుగుతుంది. పెద్ద రోటర్ని ఇంజను ఒకవైపు తిప్పుతుంటే హెలికాప్టర్ ఒళ్లు కూడా అలాగే ఎదురు తిరగబోతుంది. తోక చివర చిన్న రోటర్ గాలిని పక్కకి నెట్టి దాన్ని ఆపుతుంది. మూడు వాక్యాలు. ఇంతకన్నా పొడుగు వద్దు.

ఎక్కువ చోటు ఇవ్వాల్సింది దీని తర్వాతి చిక్కుకి. యంత్రం ముందుకి పోవాలంటే పెద్ద రోటర్ ముందుకి వాలాలి. దానికోసం ప్రతి రెక్కా ఒక్కో చుట్టులోనే ఒక పక్క కోణం పెంచుకుని, ఎదుటి పక్కకి రాగానే తగ్గించుకోవాలి. ఇందులో ఒక మెలిక ఉంది. రెక్క కోణం మార్చినచోటే ఫలితం కనిపించదు, దాదాపు పావు చుట్టు దాటాక కనిపిస్తుంది. అంటే ముందుకి వాలడానికి మార్పు పక్కన ఇవ్వాలి. మొదటిసారి విన్నవాళ్లెవరికైనా ఇది ఒక పట్టాన మింగుడుపడదు. ఇక్కడ పాఠకుడి చెయ్యి వదలకు.

ఆ తొలి యంత్రంలో ఈ ఏర్పాటు ఉంది గాని అదుపు సరిగ్గా కుదరలేదు. 1939 డిసెంబర్‌లో గాలి తోపుకి యంత్రం పక్కకి పడి బాగా దెబ్బతింది. తిరిగి కట్టినప్పుడు సికోర్‌స్కీ బృందం పెద్ద రోటర్‌లోని ఆ ఏర్పాటునే పక్కన పెట్టేసింది. దాని బదులు తోక దగ్గర అటూ ఇటూ రెండు చేతులు చాపి, వాటి మీద అడ్డంగా తిరిగే రోటర్లు మరో రెండు పెట్టింది. 1940 మే 13న తాళ్లు లేకుండా ఎగిరింది ఈ మూడు తోక రోటర్ల యంత్రమే. పక్కకి పోయేది, వెనక్కి పోయేది, ఉన్నచోటే గాల్లో నిలబడేది. ముందుకి మాత్రం సరిగ్గా పోయేది కాదు! ఈ వాక్యం నీ వ్యాసంలో లేకపోవడం నాకు నిజంగా వెలితిగా అనిపించింది.

అక్కణ్ణించి వెనక్కి నడక. 1941లో అడ్డ రోటర్లు రెండూ పోయి ఒకటి వచ్చింది. ఆ డిసెంబర్‌కి అదీ పోయి, రెక్కల కోణం మార్చే పద్ధతి పూర్తిగా పెద్ద రోటర్‌కే తిరిగొచ్చింది. తోకకి ఒక్క నిలువు రోటర్ మిగిలింది. అంటే మొదలుపెట్టిన రూపానికే చేరారు, కాకపోతే ఈసారి యంత్రం చెప్పిన మాట వింది. 1909లో, 1910లో కీవ్‌లో కుర్రవాడిగా కట్టిన రెండు యంత్రాలు మనిషిని మొయ్యలేకపోతే హెలికాప్టర్‌ని పక్కన పెట్టి విమానాల వైపు వెళ్లిన మనిషి, ఈసారి వదల్లేదు. ఆయన మేధస్సు గురించి నువ్వు రాసిన విశేషణాలన్నీ కొట్టేసి ఈ తోక మార్పులు వరసగా చెప్పు, చాలు.

‘ప్రపంచంలో మొట్టమొదటి హెలికాప్టర్’ అన్న మాట కూడా తీసెయ్యాలి. 1907లోనే ఫ్రాన్స్‌లో పాల్ కోర్ను యంత్రం కొద్దిగా పైకి లేచింది. జర్మనీవాళ్ల రెండు రోటర్ల ఎఫ్‌డబ్ల్యూ-61, 1937లో గంటా ఇరవై నిమిషాలు ఎగిరింది. ఆ రికార్డుని వీఎస్-300 దాటింది 1941 మే 6న, గంటా ముప్పై రెండు నిమిషాలతో. సికోర్‌స్కీ గొప్పతనం ఎవరికన్నా ముందు పుట్టడంలో లేదు. ఒక పెద్ద రోటర్, తోకన ఒక చిన్న రోటర్ అన్న అమరిక రోజువారీ పనికి పనికొస్తుందని నిరూపించడంలో ఉంది. నిజం చెబితే ఆయన చిన్నబోడు.

చివర్లో నేటి హెలికాప్టర్ల గురించి రాసిన పేరా ఎవరైనా రాయగలిగింది. దానిబదులు 1944 ఏప్రిల్‌కి వెళ్లు. వీఎస్-300 అనుభవంతో కట్టిన ఆర్-4 రకం యంత్రాన్ని కార్టర్ హార్మన్ అనే పైలట్ మన అస్సాంలోని లాలాఘాట్ నుంచి బర్మా అడవుల్లోకి తీసుకెళ్లి, కూలిన విమానం తాలూకు నలుగురిని బయటికి తెచ్చాడు. ఆ ఎండలో పైలట్ కాక మరొక్కణ్ణే మొయ్యగలదు కాబట్టి, ఒక్కొక్కరినే తెచ్చాడు.

తోక రూపాలన్నీ వరసగా ఒకే బొమ్మలో వచ్చేలా గీయించు. పెన్సిల్ గీతలైనా ఫర్వాలేదు. తిరగరాశాక మళ్లీ పంపు, ఎదురుచూస్తుంటాను.